షట్‌డౌన్ లేని కంప్యూటరుకు తగిలించిన డిస్కు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్. పురం వైపు ముగ్గురు నలుగురు కలిసి అద్దెకుండే తెలుగువాళ్ల ఫ్లాట్లలో రౌటరు వెనుక ఒక పోర్టబుల్ హార్డ్ డిస్కు వేలాడుతూ ఉండడం మామూలే. సినిమాలు, ఊళ్లో జరిగిన పెళ్లి వీడియోలు, పాత ఫోన్లలోంచి తీసి దాచిన ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. హాల్లోని టీవీకీ, గదుల్లోని ల్యాప్‌టాప్‌లకూ అవి వైఫై మీదుగానే అందుతాయి. కొన్ని నెలలు ఈ ఏర్పాటు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత ఒకనాడు ఫోల్డర్లు తెరుచుకుంటాయి గానీ కొత్త ఫైలు పెట్టబోతే కుదరదు, లేదా రౌటరు అడ్మిన్ పేజీలో డిస్కు పేరు ఉంటుంది గానీ దాని పరిమాణం సున్నా అని చూపిస్తుంది. కంప్యూటరు దుకాణాలుండే ఎస్.పి. రోడ్డుకు తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది సార్" అంటారు. సరిపోతుంది కూడా, మళ్లీ పాడయ్యేదాకా. డిస్కు నాసిరకమని తేల్చి కొత్తది కొన్నవాళ్లకూ అదే అనుభవం ఎదురవుతుండడం చూస్తే, లోపాన్ని డిస్కులో కాకుండా వేరే చోట వెతకాలని అర్థమవుతుంది. రౌటరు నిజానికి ఒక చిన్న కంప్యూటరు, కానీ దాన్ని ఎవరూ షట్‌డౌన్ చెయ్యరు. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఫైల్ సిస్టములు మాత్రం తమను ఎవరో ఒకరు పద్ధతిగా మూసివేస్తారన్న నమ్మకంతోనే చాలాకాలం తయారయ్యాయి.

వీటిలో పాతది ఫ్యాట్. మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ 1977లో ఫ్లాపీల కోసం దీన్ని రాశాడు. ఒక ఫైలు డిస్కులో ఏయే ముక్కల్లో ఉందో చెప్పే పట్టిక దీనికి ప్రాణం. కొత్త ఫైలు రాసేటప్పుడు సమాచారం ఒక చోట, పట్టికలో గొలుసు మరో చోట, ఫోల్డరులో ఫైలు పేరు, పరిమాణం ఇంకో చోట పడాలి. ఈ మూడింటి మధ్యలో కరెంటు పోతే ఏ ఫైలుకూ చెందని అనాథ గొలుసులు మిగిలిపోతాయి, లేదా ఒకే ముక్క తనదేనని రెండు ఫైళ్లు చెప్పుకుంటాయి. పట్టికకు రెండో ప్రతి ఉన్నా రెండింటిలో ఏది సరైనదో చెప్పగల ఆధారం అందులో లేదు. 1996లో విండోస్ 95 రెండో విడతతో వచ్చిన ఫ్యాట్32 పెద్ద డిస్కులకు చోటిచ్చింది, వాల్యూమ్‌ను, అంటే డిస్కు మీది ఫైల్ సిస్టమును, సరిగ్గా మూశారో లేదో గుర్తుపెట్టుకునే ఒక చిన్న గుర్తును వాడుకుంది, కానీ మూల నిర్మాణాన్ని మార్చలేదు. జరిగినవన్నీ రౌటరు రాసుకునే లాగ్‌లో "వాల్యూమ్ సరిగ్గా అన్‌మౌంట్ కాలేదు, కొంత డేటా చెడిపోయి ఉండవచ్చు, దయచేసి ఎఫ్‌ఎస్‌సీకే నడపండి" అనే అర్థంతో కనిపించే ఇంగ్లిషు వాక్యం ఆ గుర్తును చూసి, రౌటరును నడిపే లైనక్స్ పలికేదే. అంతకు మించి పట్టికలో పొంతన లేనిదేదైనా తగిలితే లైనక్స్ ఫ్యాట్ డ్రైవరు ఆ డిస్కును చదవడానికి మాత్రమే పరిమితం చేస్తుంది. కొత్త ఫైలు పెట్టబోతే కుదరకపోవడం వెనుక చాలాసార్లు ఉన్నది ఇదే. అది పాస్‌వర్డ్ సమస్య అనుకుని షేరింగ్ సెట్టింగులు తిరగేసేవాళ్లే ఎక్కువ.

యూనిక్స్ పక్షాన కథ వేరేగా నడిచింది. అక్కడ కరెంటు పోయిన తర్వాత డిస్కు మొత్తం గాలించి లెక్క సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామును 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో టెడ్ కొవాల్‌స్కీ రాశాడు. తప్పు జరగకుండా ఆపడం దాని పని కాదు, జరిగాక ఇల్లు సర్దడమే. డిస్కులు పెరిగేకొద్దీ ఆ సర్దుడుకు పట్టే సమయం కూడా పెరిగింది. 1993లో లైనక్స్‌కు వచ్చిన ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టములో కూడా ఇదే బాధ ఉండేది. 2001లో లైనక్స్ కెర్నెల్లో, అంటే దాని మూల భాగంలో, చేరిన ఈఎక్స్‌టీ3, 2008లో స్థిరపడిన ఈఎక్స్‌టీ4 జర్నల్ పద్ధతిని తెచ్చాయి. పాత కిరాణా కొట్లో ప్రతి వ్యవహారాన్నీ ముందు చిట్టాలో రాసుకుని, ఆ తర్వాతే ఆవర్జాకు ఎక్కించినట్టు, చెయ్యబోయే మార్పును ముందు జర్నల్లో రాసి, తర్వాత అసలు చోట రాయడమే ఆ పద్ధతి. మధ్యలో కరెంటు పోయినా తిరిగి వచ్చాక జర్నల్ చదివి, పూర్తయినవాటిని ఎక్కించి, సగంలో ఆగినవాటిని వదిలేస్తే లెక్క కుదురుతుంది. ఒక్క విషయం మాత్రం మరచిపోకూడదు. మామూలు అమరికలో జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టము నిర్మాణాన్నే గానీ కాపీ అవుతున్న సినిమాను కాదు. సగం వచ్చిన ఫైలు సగంగానే ఉంటుంది.

రౌటరు లైనక్స్‌తోనే నడుస్తుంది కాబట్టి డిస్కు ఈఎక్స్‌టీలో ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండేది కాదు. అలాంటి ప్రయత్నం తొలినాళ్లలోనే జరిగింది. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరులో ఉన్నది లైనక్సేనని బయటపడి, దాని సోర్స్ కోడ్ వెలువడ్డాక 2004లో రౌటర్ల కోసం ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్ సాఫ్ట్‌వేరు మొదలైంది. 16 ఎంబీ ర్యామ్, 4 ఎంబీ ఫ్లాష్ ఉన్న తొలి డబ్ల్యూఆర్‌టీ54జీకి యూఎస్‌బీ పోర్టే లేదు. అదే 2004లో లింక్‌సిస్ తెచ్చిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అనే చిన్న పెట్టె యూఎస్‌బీ డిస్కును నెట్‌వర్క్ మీద పంచేది. డిస్కును అది ఈఎక్స్‌టీ3లోనే ఫార్మాట్ చేసేది. సాంకేతికంగా సరైన దారి అదే, కానీ ఆ డిస్కును ఊడదీసి విండోస్ కంప్యూటరుకు పెడితే ఖాళీ డిస్కులా కనిపిస్తుంది. కొనేవాడికి కావలసింది అది కాదు. ఉన్న డిస్కును ఉన్నట్టే తగిలించగలగాలి, రేపు తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టుకోగలగాలి. తర్వాతి రౌటర్లు ఆ కోరికకే తలొగ్గి ఫ్యాట్‌నూ ఎన్‌టీఎఫ్‌ఎస్‌నూ నేరుగా అంగీకరించాయి. ఇప్పుడు మనం పడుతున్న ఇబ్బందికి పునాది ఆ సర్దుబాటులోనే పడిందని నా అభిప్రాయం.

ఎందుకంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ మైక్రోసాఫ్ట్ సొంత సరుకు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన దీనికి మొదటినుంచీ జర్నల్ ఉంది గానీ దాని లోపలి వివరాలు బయటికి పూర్తిగా రాలేదు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి ఫొటోగ్రాఫరు ఇచ్చే వీడియో ఒక్కటే దాన్ని దాటిపోతుంది. పైగా విండోస్ సొంత ఫార్మాట్ సాధనం చాలాకాలం 32 జీబీ మించిన డిస్కుకు ఫ్యాట్32 ఇచ్చేది కాదు. అందువల్ల దుకాణంలో కొన్న పెద్ద డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌తోనో ఎక్స్‌ఫ్యాట్‌తోనో వస్తాయి. లైనక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద నమ్మకంగా రాయడం 2007లో స్థిరపడిన ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవరుతో సాధ్యమైంది. అది కెర్నెల్ బయట పనిచేస్తుంది కాబట్టి బలహీనమైన రౌటరు ప్రాసెసర్లపై నెమ్మదిగా నడుస్తుంది. వేగం కావలసిన తయారీదారులు పారగాన్, టక్సెరా సంస్థల డ్రైవర్లను డబ్బిచ్చి తీసుకున్నారు. పారగాన్ తన డ్రైవరును 2021లో లైనక్స్ 5.15 ద్వారా అందరికీ అందుబాటులో ఉంచింది. అది కూడా సరిగ్గా మూయని వాల్యూమును చూస్తే బలవంతం చేస్తే తప్ప మౌంట్ చెయ్యదు, అంటే వాడకానికి తెరవదు. వినియోగదారుడికి డిస్కు మాయమైనట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది జాగ్రత్త పడడమే. లైనక్స్ వైపున్న ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే సాధనం కొన్ని ప్రాథమిక పొరపాట్లు సరిచేసి, జర్నల్‌ను ఖాళీ చేసి, తర్వాత విండోస్‌లో తనిఖీ జరగాలని గుర్తు పెట్టేది మాత్రమే. పేరు చూసి అది పూర్తి మరమ్మతు చేస్తుందని నమ్మితే మోసపోతాం.

ఎక్స్‌ఫ్యాట్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 2006లో వచ్చింది, 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు ప్రకటించింది, ఆ ఏడాదే లైనక్స్‌లోకి అడుగు పెట్టింది. మామూలుగా ఒకే పట్టిక ఉంటుంది, జర్నల్ ఉండదు. కెమెరా కార్డుకు బాగా సరిపోతుంది గానీ పగలూ రాత్రీ రౌటరుకు అతుక్కుని ఉండే డిస్కుకు సరిపోదు.

ఇక బెంగళూరు సంగతి. చాలా అపార్ట్‌మెంట్లలో జనరేటరు ఉంటుంది కాబట్టి కరెంటు పోవడం ఒక సమస్య అని అక్కడివాళ్లకు తోచదు. కానీ లైను పోయాక జనరేటరు అందుకునేలోపు కొన్ని సెకన్ల ఖాళీ ఉంటుంది, అందులో రౌటరు ఆరిపోతుంది. మామూలు అమరికలో లైనక్స్ కొత్తగా రాసిన సమాచారాన్ని సుమారు 30 సెకన్ల వరకు మెమరీలోనే ఉంచుకోగలదు కాబట్టి అదంతా ఆ క్షణంలో ఎగిరిపోతుంది. లైను తిరిగి వచ్చి జనరేటరు నుంచి మారేటప్పుడు చాలా భవనాల్లో ఇంకొక రెప్పపాటు అంతరాయం. అంటే ఒక్క కోతకు డిస్కు మీద రెండు దెబ్బలు పడతాయి. రెండోది సరిగ్గా రౌటరు మళ్లీ లేచి డిస్కును తనిఖీ చేస్తున్న సమయంలో పడితే నష్టం మొదటిదానికంటే ఎక్కువ కావచ్చు. లిఫ్టు ఒక్కసారి ఆగి కదిలిందంటే ఇంట్లో ఎవరికీ పట్టింపు ఉండదు, డిస్కుకు మాత్రం అది పూర్తి స్థాయి ప్రమాదం.

దీనికి తోడు పోర్టు నుంచి అందే విద్యుత్తు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ప్రమాణం 900 ఇస్తుంది. రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగవచ్చు. రౌటరు అడాప్టరు బక్కదైతే డిస్కు టిక్కుటిక్కుమంటూ ఊడిపోయి మళ్లీ తగులుతుంది. లాగ్‌లో యూఎస్‌బీ రీసెట్, డిస్‌కనెక్ట్ అన్న పంక్తులు వరసగా కనిపిస్తే ఫైల్ సిస్టము జోలికి వెళ్లే ముందు సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టి చూడాలి. చదవడంలోనో రాయడంలోనో లోపమని చెప్పే ఐ/ఓ ఎర్రర్ వస్తే డిస్కే పోతూ ఉండవచ్చు, అప్పుడు మరమ్మతు ప్రోగ్రాము నడపడం ప్రమాదకరం. ముందు చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ముఖ్యమైనవి కాపీ చేసుకుని, డిస్కు తన ఆరోగ్యం గురించి నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చూశాకే తక్కిన పని.

ఇది ఫైల్ సిస్టము దోషమని అందరూ అనుకునే మరో సంగతి ఉంది. 2017 మేలో వన్నాక్రై దాడి జరిగాక, ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 విడత నుంచి నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పాత ఎస్ఎంబీ1 పద్ధతి కొత్త ఇన్‌స్టలేషన్లలో మొదటినుంచీ ఉండడం ఆగిపోయింది. పాత రౌటర్లు ఆ ఒక్క భాషే మాట్లాడతాయి. టీవీలో కనిపించే డిస్కు ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే దోషం డిస్కుది కాదు, దాన్ని ఫార్మాట్ చేస్తే ఉన్నదీ పోతుంది.

మరమ్మతు ఎప్పుడూ ఆ ఫైల్ సిస్టము సొంత ఇంట్లోనే జరగాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ ల్యాప్‌టాప్‌కు పెట్టి విండోస్ సొంత తనిఖీ సాధనం చెక్‌డిస్క్‌ను ఎఫ్ స్విచ్‌తో (/f) నడపాలి, ఆ తర్వాత ఎజెక్ట్ చేసి తియ్యాలి. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల, ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి డిస్కు లాగేసినా వాల్యూము సరిగ్గా మూసుకోకపోవచ్చు. ఈఎక్స్‌టీ4 డిస్కును లైనక్స్ ల్యాప్‌టాప్‌లోనో, లైవ్ పెన్‌డ్రైవ్‌తోనో, తప్పకుండా అన్‌మౌంట్ చేసి తనిఖీ చెయ్యాలి. ఆ పని రౌటరులోనే చెయ్యబోతే పెద్ద డిస్కుకు దాని మెమరీ చాలక ప్రోగ్రాము మధ్యలోనే చచ్చిపోవచ్చు. చెక్‌డిస్క్ తర్వాత ఫౌండ్.000 అనే ఫోల్డరులో కనిపించే సీహెచ్‌కే ఫైళ్లు పేర్లు కోల్పోయిన ముక్కలు. ఫొటోలైతే వాటిలో కొన్ని ఫైలు పేరు చివరి పొడిగింపును (.jpg లాంటిది) మార్చగానే తెరుచుకుంటాయి, తొందరపడి చెరిపేయకూడదు.

డిస్కు రౌటరు దగ్గరే స్థిరంగా ఉండేటట్టయితే, కాపీ తీసుకున్నాక ఈఎక్స్‌టీ4కు మార్చుకోవడం మంచిది. నెట్‌వర్క్ మీద చూసేటప్పుడు విండోస్‌కు లోపలి ఫైల్ సిస్టముతో పనిలేదు, రౌటరులోని సాంబా అనే ప్రోగ్రాము మధ్యలో ఉండి ఫైళ్లు అందిస్తుంది. కొనే ముందు రౌటరు ఈఎక్స్‌టీ4ను అంగీకరిస్తుందో లేదో చూసుకోవాలి, అన్ని రౌటర్లూ అంగీకరించవు. లాక్‌డౌన్ నుంచి విరివిగా దొరుకుతున్న 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి రౌటరుకు పెడితే, పోర్టు నుంచే విద్యుత్తు తీసుకునే డిస్కు కూడా దాని నీడలోకి వస్తుంది. అయితే దాని ఆంపియర్లు రౌటరుకూ డిస్కుకూ కలిపి చాలాలి. ఇంత చేసినా ఎప్పుడైనా కరెంటు పోయి రౌటరు ఆరిపోతే, ఈఎక్స్‌టీ4 డిస్కు ఉన్న రౌటరు లాగ్‌లో రికవరీ పూర్తయిందని ఒక్క పంక్తి కనిపిస్తుంది. అది కనిపిస్తే జర్నల్ తన పని చేసినట్టే, డిస్కును ఊడదియ్యనక్కర లేదు.