తక్కువ డేటా వాడేవారికి రీచార్జి ఎందుకు భారమైంది?

2025 ఆగస్టు మూడో వారంలో, రెండు రోజుల తేడాతో, దేశంలోని రెండు పెద్ద మొబైల్ సంస్థలు తమ చవకైన రోజువారీ డేటా ప్లాన్లను పక్కన పెట్టాయి. 28 రోజుల పాటు రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 రూపాయల ప్లాన్‌ను జియో తన వెబ్‌సైటు నుంచీ యాప్ నుంచీ తొలగించింది. అదే ధరకు 24 రోజుల గడువుతో ఉన్న తన ప్లాన్‌ను ఎయిర్‌టెల్ నిలిపివేసింది. రోజువారీ డేటా కావాలనుకునేవారికి తొలి మెట్టు దాదాపు 300 రూపాయలకు చేరింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివరణ అడగగా, తన ప్లాన్ దుకాణాల్లో ఇంకా దొరుకుతుందని జియో సమాధానమిచ్చింది. అంతకు మించి జోక్యం చేసుకోవలసిన అవసరం ట్రాయ్‌కు కనిపించలేదు. వార్తల్లో ఇది రెండు మూడు రోజుల ముచ్చటగా ముగిసిపోయినా, నెలకు ఒకటి రెండు జీబీలకు మించి వాడని కోట్లాది మంది చేతి నుంచి చౌక ప్లాన్లు ఒక్కొక్కటిగా జారిపోతున్న తీరు మాత్రం 2018 నుంచీ సాగుతున్నదే. దాన్ని అర్థం చేసుకోవాలంటే మొదట ప్రీపెయిడ్ అనే పద్ధతి ఎవరి కోసం నిలబడిందో గుర్తు చేసుకోవాలి.

1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్‌తో దేశంలో మొబైల్ సేవలు మొదలయ్యాయి. నిమిషానికి 16 రూపాయల దాకా పడే ఆ రోజుల్లో, వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003 మేలో, కాల్ చేసినవారే ఖర్చు భరించే పద్ధతి అమలులోకి వచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైన తరువాతే ఫోన్ సామాన్యుల చేతికి వచ్చింది. షాంపూ ప్యాకెట్ల మాదిరిగా 10 రూపాయల టాప్‌అప్ కిరాణా కొట్టులో కూడా దొరకసాగింది. 2005 చివరలో 999 రూపాయలకే జీవితకాలం ఇన్‌కమింగ్ అంటూ ప్లాన్లు వచ్చాయి. 2009లో టాటా డొకొమో సెకనుకు ఒక పైసా లెక్క తెచ్చి, మాట్లాడినంతకే డబ్బు అన్న సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. వ్యవసాయ కూలీ, ఇంట్లో ఉండే వృద్ధురాలు, చదువుకునే పిల్లవాడు, ఎవరైనా సరే వాడుకను బట్టి ఖర్చును అదుపులో పెట్టుకోగలిగారు. మిస్డ్ కాల్ ఇచ్చి పని జరుపుకొనే అలవాటు కూడా ఆ అదుపులో భాగమే.

ఆ రోజుల్లో ఎక్కువగా మాట్లాడని వినియోగదారు సంస్థలకు భారం కాలేదు. ఇందుకు ఒక ఆర్థిక కారణం ఉంది, దాని గురించి సాధారణంగా ఎవరూ మాట్లాడరు. ఒక సంస్థ వినియోగదారు మరో సంస్థ వినియోగదారుకు కాల్ చేసినప్పుడు, కాల్ అందుకున్న సంస్థకు మొదటి సంస్థ నిమిషానికి ఇంత అని చెల్లించేది. దీన్ని ఇంటర్‌కనెక్ట్ యూసేజ్ చార్జీ అంటారు. 2015 నుంచి అది 14 పైసలుగా ఉంది. అంటే తానుగా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా, ఊళ్లో కూర్చుని పిల్లల ఫోన్ల కోసం ఎదురుచూసే తల్లి నంబరు కూడా ఆమె సంస్థకు ఎంతో కొంత ఆదాయం తెచ్చేది. 2017 అక్టోబరు 1 నుంచి ట్రాయ్ దాన్ని 6 పైసలకు తగ్గించింది. 2021 జనవరి 1 నుంచి పూర్తిగా ఎత్తివేసింది. అప్పటి నుంచి కాల్స్ అందుకోవడానికి మాత్రమే ఫోన్ ఉంచుకున్న మనిషి సంస్థల లెక్కల్లో ఖర్చుగా మిగిలారు.

దాదాపు అదే కాలంలో అమ్మే సరుకే మారిపోయింది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై, కాల్స్‌కు డబ్బు లేదు, డేటాకు మాత్రమే ధర అన్నది. మిగతా సంస్థలు గత్యంతరం లేక అదే దారి పట్టాయి. 2014లో సగటున ఒక జీబీకి 269 రూపాయలుగా ఉన్న ధర కొన్నేళ్లకే పది రూపాయల చుట్టుపక్కలకు దిగింది. ఇది నిజంగా గొప్ప మార్పే, దాని వల్ల మేలు పొందని కుటుంబం అరుదు. అయితే ఆ సగటు ధర ఎక్కువగా వాడేవారికే దక్కుతుంది. 28 రోజులకు 199 రూపాయలు పెట్టి 2 జీబీ తీసుకునేవారికి జీబీ దాదాపు 100 రూపాయలు పడుతుంది. 299 రూపాయలతో రోజుకు 1.5 జీబీ చొప్పున 42 జీబీ తీసుకునేవారికి ఏడు రూపాయలు పడుతుంది. పైగా రోజువారీ కోటాలో వాడకుండా మిగిలింది అర్ధరాత్రితో రద్దవుతుంది కనుక, కాగితం మీద కనిపించే ఆ ఏడు రూపాయల ధర కూడా పొదుపుగా వాడే మనిషికి ఎన్నడూ అందదు.

అసలైన మలుపు 2018 చివరలో వచ్చింది. ధరల పోటీలో చిన్న సంస్థలు మూతపడ్డాయి, వొడాఫోన్, ఐడియా ఆ ఏడాది ఆగస్టులో విలీనమయ్యాయి. బాలెన్స్ ఉన్నా సరే, 28 రోజులకోసారి కనీసం 35 రూపాయల రీచార్జి చేయించకపోతే సేవలు ఆగిపోతాయని ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా తమ వినియోగదారులకు సందేశాలు పంపాయి. ఖాతాలో డబ్బు ఉన్నవారి సేవలను వెంటనే ఆపవద్దని నవంబరులో ట్రాయ్ ఆ సంస్థలకు సూచించింది. కొంత వెసులుబాటు దొరికింది కానీ పద్ధతి నిలిచిపోయింది. అంతకు ముందు బాలెన్స్‌కు గడువు ఉన్నా లేకపోయినా డబ్బు మనదే అన్న భావన ఉండేది. ఆ తరువాత నంబరు బతికి ఉండాలంటే గడువు కొనుక్కోవాలి, అందులో ఎంత మాట్లాడినా ఎంత డేటా వాడినా రెండో విషయమే. నా దృష్టిలో ఇప్పటి గొడవలన్నిటికీ మూలం ఈ మార్పే, డేటా ధర కాదు.

ఒకసారి కనీస రీచార్జి అన్న మెట్టు పడ్డాక దాన్ని పెంచడం సులభమైంది. ప్రభుత్వానికి ఫీజులు కట్టడానికి సంస్థల ఏ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న ‘సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం’ వివాదంలో 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదనను సమర్థించడంతో సంస్థల మీద భారీ బకాయిలు పడ్డాయి, వొడాఫోన్ ఐడియా పరిస్థితి అన్నిటికంటే దిగజారింది. ఆ డిసెంబరులో ప్రైవేటు సంస్థలన్నీ ధరలు పెంచాయి, ఎయిర్‌టెల్ కనీస రీచార్జి 45 రూపాయలైంది. 2021 జూలైలో ఎయిర్‌టెల్‌లో 49 రూపాయల ప్లాన్‌ను తీసేసి 79 నుంచి మొదలుపెట్టారు. నాలుగు నెలల్లో అది 99 అయింది. 2022 నవంబరులో హరియాణా, ఒడిశాలలో 155 రూపాయలకు, అదీ 24 రోజుల గడువుతో, పెంచి చూసి, 2023 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌తో సహా మరికొన్ని చోట్లకు విస్తరించారు. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం లెక్కల్లో తెలంగాణ కూడా ఆ ఒకే సర్కిల్‌లో ఉంది కనుక, ఆ పెంపు రెండు రాష్ట్రాల మీదా ఒకేసారి పడింది. 2024 జూలైలో జరిగిన పెంపుతో 28 రోజుల ప్రాథమిక ప్లాన్ ఎయిర్‌టెల్‌లోనూ వొడాఫోన్ ఐడియాలోనూ 199 రూపాయలు, జియోలో 189 రూపాయలు అయింది.

28 రోజుల లెక్కన ఏడాదికి 13 రీచార్జిలు పడతాయి. 35 రూపాయల కాలంలో నంబరు నిలుపుకోవడానికి ఏడాదికి 455 రూపాయలు సరిపోయేవి. 199 రూపాయల దగ్గర అది 2587 అవుతుంది. 35 రూపాయలకు కొద్దిపాటి టాక్‌టైమ్, కాసింత డేటా మాత్రమే ఉండేవనీ, 199కి అపరిమిత కాల్స్, 2 జీబీ డేటా ఉన్నాయనీ సంస్థలు చెప్పేది నిజమే. కానీ తక్కువగా వాడేవారు ఆ అపరిమితాన్ని కోరలేదు, కోరని దాన్ని వద్దనే వీలూ వారికి లేకపోయింది. ఈ 28 రోజుల గడువు మీద వచ్చిన ఫిర్యాదుల వల్లనే 2022 జనవరిలో ట్రాయ్, ప్రతి సంస్థా కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీన రీచార్జి చేసుకునే ప్లాన్ మరొకటి పెట్టాలని ఆదేశించింది.

నంబరు వదిలేసుకుంటే సరిపోదా అనేవారికి మన ఇళ్లే సమాధానం. ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్ అన్నీ ఒక నంబరుకు ముడిపడి ఉన్నాయి, ఓటీపీ రాకపోతే పని ఆగిపోతుంది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారూ, అమెరికాలో చదువుతున్న పిల్లలూ ఇక్కడి బ్యాంకు సందేశాల కోసమే భారతీయ సిమ్‌ను బతికించుకుంటారు. వారికి కావలసింది డేటా కాదు, కొన్ని ఎస్సెమ్మెస్‌లు అందడం. పల్లెల్లో బటన్ ఫోన్ వాడే పెద్దలకు డేటాతో అసలు పనే లేదు.

ఈ బటన్ ఫోన్ వాడకందార్లు దేశంలో సుమారు 15 కోట్ల మంది ఉంటారన్న అంచనా 2024లో ట్రాయ్ చర్చలో ప్రముఖంగా వచ్చింది. జూలైలో చర్చాపత్రం విడుదల చేసి, సంస్థలు వ్యతిరేకించినా, డిసెంబరు 23న వినియోగదారుల రక్షణ నిబంధనలకు పన్నెండో సవరణ తెచ్చింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్రత్యేక వోచర్ ఒకటైనా పెట్టాలనీ, వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచుతున్నామనీ అందులో ఉంది. అయితే ధర ఎంత ఉండాలో చెప్పలేదు, చెప్పే అలవాటూ లేదు. మొబైల్ ధరల నిర్ణయాన్ని ట్రాయ్ చాలాకాలంగా సంస్థలకే వదిలిపెట్టింది. ధర ప్రకటించి, అమలు చేసిన ఏడు పనిదినాల్లో తెలియజేస్తే చాలు.

2025 జనవరిలో ఏం జరిగిందో చూస్తే ఈ నిబంధనలోని లోటు బయటపడుతుంది. 84 రోజులకు 6 జీబీతో 509 రూపాయలు ఉన్న ప్లాన్ నుంచి డేటాను తీసేసి ఎయిర్‌టెల్ మొదట 499 అన్నది. విమర్శలు వచ్చి, కొత్త వోచర్లను పరిశీలిస్తామని ట్రాయ్ చెప్పాక 469కి తగ్గించింది. ఏడాది ప్లాన్ కూడా అలాగే 1959 అని 1849కి వచ్చింది. జియో 458 రూపాయలను 448 చేసింది. కాల్స్ మాత్రమే కావలసినవారికి కొంత ఊరట దొరికిన మాట వాస్తవం. కానీ వాట్సాప్‌లో మనవళ్ల ఫొటోలు చూడడానికీ, అప్పుడప్పుడు ఫోన్‌పేలో డబ్బు పంపడానికీ ఒకటి రెండు జీబీలు చాలనుకునేవారి ప్లాన్ ఈ మార్పిడిలో మాయమైంది. తిరిగి వచ్చినప్పుడు 84 రోజులకు 7 జీబీతో 548 రూపాయలు, ఏడాదికి 30 జీబీతో 2249 రూపాయలు అయింది. అంతకు ముందు ఏడాది ప్లాన్ 24 జీబీతో 1999 రూపాయలు. వారికి అడగని ఒక జీబీ అంటగట్టి 39 రూపాయలు, అడగని ఆరు జీబీలు అంటగట్టి 250 రూపాయలు అదనంగా తీసుకున్నట్లయింది. డేటా అక్కర లేనివారిని కాపాడడానికి తెచ్చిన నిబంధన, డేటా కొంచెం మాత్రమే కావలసినవారి ఖర్చును పెంచింది.

సంస్థల పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది. ఒక్కో వినియోగదారు నుంచి సగటు నెలసరి ఆదాయం 300 రూపాయలకు చేరితే తప్ప పెట్టుబడులకు గిట్టుబాటు కాదని ఎయిర్‌టెల్ అధినేత సునీల్ మిత్తల్ కొన్నేళ్లుగా చెబుతున్నారు. స్పెక్ట్రమ్ కొనుగోళ్లు, 5జీ టవర్లు, పాత బకాయిలు ఊహించుకున్నవి కావు. తక్కువ ధర ప్రయత్నాలూ లేకపోలేదు. 2023లో జియోభారత్ ఫోన్‌తో 28 రోజులకు 123 రూపాయల ప్లాన్ వచ్చింది, కాకపోతే అది ఆ ఫోన్ కొన్నవారికే. అయినా సగటును పెంచడానికి రెండు దారులున్నాయి. ఎక్కువ వాడేవారి దగ్గర ఎక్కువ తీసుకోవడం ఒకటి, కింది మెట్టును పైకి జరపడం రెండోది. 2018 తరువాత సంస్థలు రెండో దాని మీదే ఎక్కువగా ఆధారపడ్డాయి, ఎందుకంటే నంబరు వదులుకోలేని మనిషి బేరమాడలేరు.

ట్రాయ్ ధర నిర్ణయించకుండానే చేయగలిగింది ఒకటి ఉంది. 2022లో 30 రోజుల ప్లాన్‌ను, 2024లో కాల్స్ వోచర్‌ను తప్పనిసరి చేసిన అధికారంతోనే, నెలకు ఒకటి రెండు జీబీలుండే ప్లాన్‌నూ, వాడని డేటాను గడువు వరకు నిలిపి ఉంచే వెసులుబాటునూ ప్రతి సంస్థా ఇవ్వాలని చెప్పవచ్చు. 2024 సవరణలో 365 రోజుల గడువుకు ఇప్పటికే చోటు ఉన్నందున, అలాంటి ప్లాన్‌కు కొత్తగా పెద్ద ఏర్పాట్లేవీ అక్కర లేదు.