కాలేయంలో కణితిని మెషీన్‌కి ఎవరు చూపించాలి?

కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. సుమారు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ కణితి మాత్రం ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది. రేడియాలజిస్టుకి దొరికే పెద్ద ఆధారం ఇదే. రక్తం పారే చోటు స్కాన్‌లో తెల్లగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందుని చేతి నరంలోకి ఎక్కించి సీటీ తీస్తే, అరనిమిషం దాటేసరికి కణితి తెల్లగా మెరుస్తుంది. ఇంకాసేపటికి చుట్టూ ఉన్న కాలేయం తెల్లబడి, కణితి దానికన్నా నల్లగా కనిపిస్తుంది. దీన్ని ‘వాషౌట్’ అంటారు. సిర్రోసిస్ (కాలేయం పాడై గట్టిపడిపోవడం) ఉన్న మనిషిలో ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తే చాలాసార్లు ముక్క తీసి పరీక్షించకుండానే క్యాన్సర్ అని తేల్చేస్తారు.

ఈ చూపు కంప్యూటర్‌కి రావాలంటే స్కాన్‌లు పోగేస్తే సరిపోదు. ఎవరో ఒకరు కూర్చుని కణితి ఎక్కడుందో గీసి చూపించాలి. ఒక్క సీటీలో వందల పొరలుంటాయి. డాక్టర్ ఒక్కో పొర తెరిచి, మౌస్‌తో కణితి అంచు వెంబడి గీత గీస్తూ పోవాలి. పై పొరలో చిక్కుడు గింజంత ఉన్నది నాలుగు పొరలు దిగేసరికి రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. సిర్రోసిస్‌తో గడ్డలు కట్టిన కాలేయంలోనైతే అంచు ఎక్కడో చెప్పడమే కష్టం. ఒకే కణితికి ఇద్దరు అనుభవజ్ఞులు గీసిన గీతలు సరిగ్గా కలవవు. మెషీన్‌కి పాఠ్యపుస్తకం ఆ గీతలే.

ఈ రంగంలో చాలామంది వాడే సీటీ డేటాబేస్ పేరు ‘లిట్స్’ (లివర్ ట్యూమర్ సెగ్మెంటేషన్, అంటే కాలేయ కణితిని గీసి వేరు చేయడం). 2017లో మొదలైంది. యూరప్, కెనడా, ఇజ్రాయెల్‌లలోని ఏడు సంస్థలు కలిసి 201 స్కాన్‌లు ఇచ్చాయి. 131 నేర్చుకోవడానికి, 70 పరీక్షకు. ఆ 70కీ జవాబులు దాచి ఉంచి పోటీలు పెట్టారు. ప్రోగ్రామ్ గీసింది డాక్టర్లు గీసినదానితో ఎంత కలిస్తే అన్ని మార్కులు, పూర్తిగా కలిస్తే ఒకటి. కాలేయాన్ని గీయడంలో ఉత్తమ ప్రోగ్రామ్‌కి ఒకటికి 0.963 మార్కులు వచ్చాయి. కణితిని గీయడంలో మాత్రం 2017లో 0.674తో మొదలై 2018కి 0.739 దాకా వెళ్లారు. అసలు కణితులను విడివిడిగా కనిపెట్టాయా అని లెక్క తీస్తే, అన్నిటికన్నా మెరుగైన ప్రోగ్రామ్‌కి కూడా 0.554 మాత్రమే దక్కింది. అంటే నూటికి దాదాపు 45 కణితులను సరిగ్గా పట్టుకోలేకపోయింది. నన్ను కలవరపెట్టేది ఈ అంకె. పెద్ద కణితిని చక్కగా గీసి, పక్కనున్న చిన్నదాన్ని వదిలేసినా మొత్తం మార్కులు బాగానే వస్తాయి. పేషెంటుకి ప్రాణం మీదకొచ్చేది ఆ చిన్నదాన్ని వదిలేసినప్పుడే.

ఇంకో లోటు: ఇందులో ఒక్కో కేసుకి ఒక్క దశలో తీసిన స్కాన్ మాత్రమే ఉంటుంది. మెరుపునీ వాషౌట్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం మెషీన్‌కి లేదు. పైగా కాలేయంలో పుట్టిన కణితులు, వేరే అవయవం నుంచి పాకి వచ్చినవి, రెండూ కలిసే ఉన్నాయి.

డేటాబేస్‌లు ఒకదాన్నొకటి మింగుతాయి కూడా. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చిన 20 మంది స్కాన్‌ల సెట్ ఒకటి విడిగా దొరుకుతుంది. ఆ 20 స్కాన్‌లూ లిట్స్ శిక్షణ భాగంలోనూ ఉన్నాయి. ఇది గమనించకుండా లిట్స్‌తో నేర్పించి స్ట్రాస్‌బర్గ్ సెట్‌తో పరీక్ష పెడితే, ముందే చూసిన ప్రశ్నపత్రం ఇచ్చినట్టే. ఏ కొత్త ప్రోగ్రామ్ గురించి గొప్ప అంకె చదివినా నేను ముందు చూసేది ఏ స్కాన్‌లతో నేర్పారు, ఏ స్కాన్‌లతో పరీక్షించారు అన్నదే.

ఆ ఏడు సంస్థల్లో మన దేశానిది ఒక్కటీ లేదు. మన దగ్గర హెపటైటిస్ బి, మద్యం, ఫ్యాటీ లివర్‌తో పాడైన కాలేయాలకు కొదవ లేదు. స్కాన్ సెంటర్ ఇచ్చిన సీడీ, పెద్ద కవరులో ఫిల్ములు ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. వాటిని వాడాలంటే ముందు పేరు చెరిపేయాలి. ప్రతి ఇమేజ్ ఫైల్‌ లోపల పేషెంటు పేరు, ఐడీ, పుట్టిన తేదీ దాగి ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లోనైతే పేరు చాలాసార్లు బొమ్మ మూలనే అచ్చయి ఉంటుంది, దాన్ని విడిగా తుడవాలి. అలాగని అన్నీ చెరిపేస్తే లాభం లేదు. వయసు, హెపటైటిస్ ఉందా, సిర్రోసిస్ ఉందా, స్కాన్‌లో కనిపించిన మచ్చ చివరికి ఏమని తేలింది, ఇవి స్కాన్‌తో పాటే ఉండాలి. సీటీ ఒక సెంటర్లో తీస్తారు, ఆపరేషన్ ఇంకో ఆసుపత్రిలో, బయాప్సీ రిపోర్టు మూడో చోట. ఈ మూడింటినీ పేషెంటు అనుమతితో, పేరు బయటపడకుండా ఒకచోటికి చేర్చే మనుషులకు జీతం, సమయం ఇవ్వడం దగ్గరే మన డేటాబేస్ పని మొదలవ్వాలి.