తలకు పన్నెండు గజాలు

మొన్న ఫిబ్రవరిలో మా మావయ్య స్థలం చూడ్డానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. విజయవాడ, గుంటూరు మధ్య హైవే దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్లాం. రంగు జెండాలు, కొత్తగా పోసిన గ్రావెల్ రోడ్లు, సున్నం కొట్టిన హద్దు రాళ్లు. వెంచర్ కుర్రాడు కారు బానెట్ మీద ప్లాను పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాడు. ప్లాట్లన్నీ గీసి కోసినట్టు ఉన్నాయి. ఓ మూల మాత్రం పచ్చరంగు పూసిన ముక్కోణం ముక్క కనిపించింది.

"ఇదేంటి బాబూ?" అన్నాడు మావయ్య.

"పార్కండీ. రూల్ ప్రకారం టెన్ పర్సెంట్ వదిలేశాం సార్."

నడిచి వెళ్లి చూశాం. నెత్తిన హైటెన్షన్ వైర్లు, పక్కనే వాగు, కింద సగం తుమ్మచెట్లు, సగం బురద. ప్లాట్లుగా అమ్ముడుపోని నేలే పార్కుగా మిగిలిందని అర్థమైంది. ఆ రాత్రి ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ పది శాతం మనిషికి ఎంత వస్తుందో లెక్క తేల్చాలనిపించింది.

ఎకరం అంటే 4,840 గజాలు. పది శాతం 484 గజాలు. రోడ్లూ అవీ పోను ఎకరంలో 200 గజాల ప్లాట్లు పదమూడు వస్తాయనుకుందాం. ఒక్కో ప్లాటులో ఒక ఇల్లు, ఇంటికి నలుగురు. మొత్తం 52 మంది. తలకు తొమ్మిది గజాల పైన ఖాళీ జాగా ఉంటుంది. ఫర్వాలేదు. పదిహేనేళ్లు పోయాక అవే ప్లాట్లలో గ్రౌండ్ ప్లస్ త్రీ లేస్తుంది, అంతస్తుకో కుటుంబం దిగుతుంది. ఇప్పుడు 208 మంది. పార్కు మాత్రం అదే 484 గజాలు. తలకు రెండుంబావు గజాల దగ్గర ఆగింది.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. పది శాతం అనే లెక్క నేలను చూసి పెట్టింది, మనుషుల్ని చూసి పెట్టింది కాదు. ఇల్లు పైకి పెరుగుతుంది, పార్కు పైకి పెరగదు. మంచినీళ్ల పైపు చాలకపోతే పక్కన ఇంకోటి వేసుకుంటాం. రోడ్డు ఇరుకైతే కష్టమో నష్టమో వెడల్పు చేస్తాం. ఖాళీ జాగాను మాత్రం జనం వచ్చాక తయారుచేయలేం. అందుకే దాని సంగతి జనం రాకముందే తేల్చుకోవాలి.

మరి మనిషికి ఎంత కావాలి? నగరాల ప్రణాళిక కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు (యూఆర్‌డీపీఎఫ్‌ఐ అంటారు) తలకు 10 నుంచి 12 చదరపు మీటర్లు ఉండాలంటాయి. పది చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండు గజాలు. అంతా ఒకే చోట ఉంటే సరిపోదు. ఐదు వేల మందికి అరెకరా కాదు, అర హెక్టారు పార్కు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. లక్ష మందికి ఐదు హెక్టార్లది, పది లక్షల మందికి వంద హెక్టార్లది ఒకటి ఉండాలి.

దీన్ని విజయవాడకు పెట్టి చూడండి. 2011 జనాభా లెక్కల నాటికి కార్పొరేషన్ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు, జనం 10,34,358. అందరికీ సమానంగా పంచితే తలకు 71 గజాలు వస్తాయి. ఇల్లు, రోడ్డు, బడి, బజారు, రైల్వే స్టేషన్, మూడు కాలువలు, కొండలు అన్నీ ఆ 71 గజాల్లోనే ఇమడాలి. అందులోంచి పన్నెండు పక్కన పెట్టాలంటే మొత్తం ఊరిలో ఆరో వంతు. రాజీవ్ గాంధీ పార్కు, రాఘవయ్య పార్కు, కాలనీల్లో చిన్నాచితకా పార్కులు అన్నీ ఓ చోట చేర్చి ఊహించుకున్నా, ఆరో వంతు ఊరు కళ్ల ముందు కనబడదు.

ఇక రేపు ఎంతమంది వస్తారో ఎలా చెబుతారు? మున్సిపల్ ఇంజినీర్లు వాడే లెక్కల్లో రెండు చాలా తేలిక. 2001లో విజయవాడ కార్పొరేషన్ జనాభా 8,51,282. పదేళ్లలో పెరిగింది 1.83 లక్షలు. ప్రతి పదేళ్లకూ అంతే కలుపుకుంటూ పోతే 2031కి 14 లక్షలు. అలా కాదు, పెరిగిన శాతాన్నే, అంటే పదేళ్లకు ఇరవై ఒకటిన్నర శాతాన్నే కొనసాగిస్తే 15.27 లక్షలు. వడ్డీకి, చక్రవడ్డీకి ఉన్న తేడా లాంటిదే ఇది. రెండింటి మధ్య తేడా 1.27 లక్షల మంది. తలకు పన్నెండు గజాల చొప్పున ఆ తేడాకే 315 ఎకరాలు కావాలి. అంచనా కాస్త తప్పినా పోయేది వందల ఎకరాలు. పైగా 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, కాబట్టి ఇప్పటికీ 2011 అంకెల మీదే ప్లాన్లు గీసుకోవాల్సి వస్తోంది.

ఇంకో మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు 1.7 మందే అని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఇకపై ఊళ్లు పెరిగేది పుట్టుకల వల్ల కంటే వలసల వల్ల, పక్క పల్లెలు కలవడం వల్ల. విజయవాడ గీత దాటి జనం వెళ్లింది కానూరుకు, పోరంకికి, గొల్లపూడికి, నిడమానూరుకు, తాడేపల్లికి. కానూరు, యనమలకుదురు, పోరంకి, తాడిగడప ఈ మధ్యనే కలిసి మున్సిపాలిటీ అయ్యాయి. గుంటూరులోనూ 2012లో చుట్టుపక్కల పది గ్రామాలు కార్పొరేషన్‌లో కలిశాయి. ఊరు మున్సిపాలిటీ అయ్యాక పార్కులు ఎక్కడ అని వెతుకుతారు. కానీ లే-అవుట్లు పడింది పంచాయతీగా ఉన్న రోజుల్లో. పంచాయతీ ఆఫీసులో సెక్రటరీ ఉంటాడు, టౌన్ ప్లానర్ ఉండడు. బళ్లు నడిచే డొంక, పశువులు మేసే బీడు, వాగు పోరంబోకు కాగితాల మీద ఎవరివీ కానట్టు ఉండి ముందుగా అవే పోతాయి. నిజానికి ఊరుమ్మడి ఖాళీ జాగా అంటే అవే. వాటిని కాపాడుకుని ఉంటే సగం పార్కులు కొత్తగా కొనాల్సిన పనే ఉండేది కాదు.

ఖాళీ జాగా అంటే పిల్లల ఉయ్యాలలు, పెద్దల వాకింగ్ అనుకుంటాం. నాకు దాని అసలు పని 2024 సెప్టెంబరులో తెలిసింది.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడకు ఉత్తరంగా పారి కొల్లేటిలో కలిసే వాగు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాత పేరు. దాని వరదను ఊరి మీదికి రానివ్వకుండా వెలగలేరు దగ్గర మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేలా ఏర్పాటు చేశారు. ఆ సెప్టెంబరు మొదట్లో ఆ కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, అంతకుముందెన్నడూ అంత రాలేదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, బుడమేరు తన పాత పల్లంలోకే వచ్చింది. ఆ పల్లంలో ఇప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ఉన్నాయి. నెల తర్వాత సింగ్ నగర్‌లో స్నేహితుడి ఇంటికి వెళ్తే, హాల్లో స్విచ్‌బోర్డుకు జానెడు పైన స్కేలు పెట్టి గీసినట్టు బురద గీత ఉంది. తలుపులు ఉబ్బిపోయి మూసుకోవడం లేదు. వాళ్లమ్మగారు పిల్లల సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టి, అంచుల మీద గిన్నెలు పెట్టారు.

అంత వరదను పార్కు ఆపుతుందా? ఆపదు. కానీ వాగు పక్కన విప్పారడానికి చోటు వదిలితే నీటి మట్టం తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. మామూలు వానల్లోనైతే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పదెకరాల నేల మీద పది సెంటీమీటర్ల వాన పడితే 40 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వందలు. సిమెంటు, తారు కప్పిన నేల అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు అప్పటికప్పుడే కాలువలోకి నెట్టేస్తుంది. గడ్డీ చెట్లూ ఉన్న నేల చాలా భాగం తాగేస్తుంది, మిగతాది నిదానంగా వదులుతుంది. గుంటూరు వైపు నల్లరేగడికి ఇంకో గుణం ఉంది. వేసవిలో నెర్రెలిచ్చిన రేగడి తొలకరిని గటగటా తాగుతుంది. తడిసి ఉబ్బాక నెర్రెలు పూడిపోతాయి, ఆ తర్వాత నీరు దిగడం చాలా నెమ్మది. కాబట్టి రేగడి ఊళ్లకు మొక్కలు నాటిన పార్కులే కాదు, నాలుగు రోజులు నీరు నిలబడే పల్లాలు కూడా కావాలి. చెరువులు తవ్వినవాళ్లకు ఈ సంగతి తెలుసు. చెరువు పూడ్చి కాలనీ వేసిన చోట ఏటా మోకాల్లోతు నీళ్లెందుకు నిలుస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

వేడి సంగతీ ఇలాంటిదే. ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 0.68 కరెంటు యూనిట్లంత వేడి కావాలి. వేళ్లకు నీరందే పెద్ద చెట్టు ఎండాకాలం రోజుకు వంద లీటర్లు వదిలితే, ఒకటిన్నర టన్నుల ఏసీ పదమూడు గంటలు లాగే వేడిని అది పీల్చుకున్నట్టు. ఏసీ ఆ వేడిని తీసుకెళ్లి వీధిలో పడేస్తుంది, చెట్టు అలా చేయదు.

మన చట్టాల్లో ఈ బాధ్యత ఎవరిదో స్పష్టంగానే ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ ప్రణాళికను, పార్కులు, ఆటస్థలాలను మున్సిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది. పార్కుకు కేటాయించిన స్థలంలో నర్సింగ్ హోమ్ కట్టడానికి వీల్లేదని బెంగళూరు కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రామ ఉమ్మడి చెరువులు, బీళ్ల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మరోవైపు ఎల్‌ఆర్‌ఎస్, అంటే లే-అవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఉంది. అనుమతి లేని లే-అవుట్లో ప్లాటు కొన్నవాళ్లు, ఆ లే-అవుట్ వదలని పార్కుకు బదులుగా ఆ పథకం తెరిచి ఉన్నప్పుడు ఓపెన్ స్పేస్ చార్జీ కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవచ్చు. కష్టపడి కొనుక్కున్నవాళ్లకు ఊరట కావాలి, కాదనను. కానీ ఆ డబ్బుతో అదే కాలనీలో నేల దొరకదు. కట్టిన రసీదు మీద పిల్లలు ఆడుకోలేరు.

నా అభిప్రాయం ఒకటే. ముందు రోడ్లు గీసి, ప్లాట్లు గీసి, మిగిలింది పార్కు అనడం మానాలి. మొదట వాగులు, డొంకలు, చెరువులు, పల్లాలు ఒక వరసలో గుర్తించి, వాటికి హద్దు రాళ్లు వేసి, ఆ తర్వాతే వెంచర్లకు అనుమతి ఇవ్వాలి. ఊరి చివరి పంచాయతీల్లో, ఎకరం ధర ఇంకా కోట్లు దాటకముందే ఈ పని జరగాలి. అంతస్తులు పెంచుకోడానికి అనుమతి ఇచ్చినప్పుడల్లా ఆ కాలనీలో తలకు ఎన్ని గజాలు మిగిలాయో లెక్క చూడాలి. గుజరాత్ టౌన్ ప్లానింగ్ స్కీముల్లో పక్కపక్క రైతుల భూములన్నీ కలిపి, రోడ్లకూ పార్కులకూ తీసి, మిగిలింది చక్కని ప్లాట్లుగా ఎవరిది వాళ్లకు తిరిగిస్తారు. ఒక్కరి మీదే భారం పడదు, పార్కు కూడా కరెంటు తీగల కిందికి పోదు. కృష్ణ అవతల 217 చదరపు కిలోమీటర్ల అమరావతి ప్లానులో వాగులకు, పచ్చని పట్టీలకు మొదటే చోటు పెట్టారు. కొత్త ఊరికి అది సులువు. పోరంకికి, గుంటూరు పక్కన గోరంట్లకు కష్టం, కానీ వాటి అవతలి పల్లెలకు ఇంకా సమయం ఉంది.

కొనేవాళ్లు చూసుకోవాల్సింది కూడా ఒకటుంది. లే-అవుట్లో రోడ్లను, పార్కు స్థలాన్ని డెవలపర్ రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అది జరక్కపోతే ప్లానులో పచ్చరంగు రంగుగానే మిగిలిపోతుంది.

మావయ్యకు ఈ మాట చెప్పాను. ఆయన మర్నాడే ఫోన్ చేసి గిఫ్ట్ డీడ్ జిరాక్స్ అడిగాడు. రెండ్రోజుల్లో పంపిస్తామన్నారు. రెండు వారాలైనా రాలేదు. అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగిపోయాడు. ఇప్పుడు ఎవరు ప్లాను చూపించినా ముందు పచ్చరంగు ముక్క ఎక్కడుందో వెతికి, అక్కడిదాకా నడిచి వస్తున్నాడు.