న్యూజీన్స్ గొడవ: ముడి పడింది 2009లోనే

దక్షిణ కొరియా అమ్మాయిల పాప్ బృందం న్యూజీన్స్‌లోని డానియెల్ అగ్రిమెంటు రద్దు చేస్తున్నట్టు 2025 డిసెంబరు 29న ఆ బృందాన్ని నడిపే కంపెనీ అడోర్ ప్రకటించడంతో, సద్దుమణిగిందనుకున్న వాళ్ల గొడవ మళ్లీ రాజుకుంది. డానియెల్ మీద, ఆమె కుటుంబంలో ఒకరి మీద, కంపెనీ మాజీ సీఈఓ మిన్ హీజిన్ మీద దాదాపు 4,300 కోట్ల వాన్లకు (కొరియా కరెన్సీ) దావా కూడా పడింది. మాతృసంస్థ హైబ్ చేయించిన ఆడిట్, బేస్‌బాల్ టోపీతో మిన్ హీజిన్ పెట్టిన ప్రెస్‌మీట్ ఫ్యాన్స్‌కు కంఠతా వచ్చినవే. వాటి జోలికి పోకుండా 2009కి వెళ్దాం.

2009 జులై 31న కొరియా పాప్ బృందం టీవీఎక్స్‌క్యూలోని ఐదుగురిలో ముగ్గురు, జేజూంగ్, యూచున్, జున్సు, తమ కంపెనీ ఎస్ఎం ఎంటర్‌టైన్‌మెంట్ మీద సియోల్ కోర్టుకెక్కారు. అప్పటికి ఆసియా అంతా ఊగిపోతున్న బృందం అది. కోర్టు ముందుకొచ్చిన వాళ్ల అగ్రిమెంటు గడువు 13 ఏళ్లు. తప్పనిసరిగా సైన్యంలో గడపాల్సిన కాలం అందులో లెక్కకు రాదు కాబట్టి నిజానికి 15 ఏళ్లు దాటుతుంది. మధ్యలో వెళ్లిపోవాలంటే కంపెనీ పెట్టిన పెట్టుబడికి మూడు రెట్లు, మిగిలిన కాలంలో రావాల్సిన లాభానికి రెండు రెట్లు కట్టాలి. మొదటి అగ్రిమెంటు ప్రకారం ఆల్బమ్ 5 లక్షల కాపీలు దాటితేనే, అదీ తర్వాతి ఆల్బమ్ వచ్చినప్పుడు, తలా కోటి వాన్లు ఇచ్చేవారని, దాటకపోతే ఆల్బమ్ మీద పైసా లేదని వాళ్లు చెప్పారు. ఎస్ఎం మాట వేరు: 1,100 కోట్ల వాన్లు ఇచ్చాం, విదేశీ కార్లూ ఇచ్చాం, అసలు తగువు ఆ ముగ్గురూ పెట్టుబడి పెట్టిన కాస్మెటిక్స్ వ్యాపారం వల్ల వచ్చిందే అని.

అక్టోబరు 27న కోర్టు చాలావరకు గాయకుల పక్షానే నిలిచింది. వాళ్లు సొంతంగా చేసుకునే కార్యక్రమాలకు అడ్డుపడొద్దని ఎస్ఎంకు చెప్పింది. కానీ జేవైజే పేరుతో బయటికొచ్చిన ఆ ముగ్గురూ టీవీ మ్యూజిక్ షోలలో కనిపించింది లేదు. వాళ్ల దారికి అడ్డురావొద్దని ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఎస్ఎంను ఆదేశించడానికి 2013 వచ్చింది. ఇలాంటి అడ్డగింతల మీద చట్ట సవరణకు 2015 వచ్చింది.

ఇప్పటి తగువుకు అసలు కీలకం ఇదే కమిషన్ 2009 జులైలో చేసిన మరో పని. ఆ మార్చిలో నటి జాంగ్ జాయన్ మరణంతో ఏజెన్సీల తీరు మీద దేశమంతా మండిపడింది. దాంతో కమిషన్ ఒక నమూనా అగ్రిమెంటు తయారుచేసి ఇచ్చింది. ఏడేళ్లు దాటాక గాయకులు తప్పుకోవచ్చన్న గీత దానితోనే వచ్చింది. బృందాలు విడిపోతాయని ఫ్యాన్స్ భయపడే 'ఏడేళ్ల గండం' పుట్టిల్లు అదే.

మంచి పనే, కాదనలేం. కాకపోతే ఆ గీత గీసింది కార్మిక శాఖ కాదు, వ్యాపార పోటీలో న్యాయం చూసే సంస్థ. అంటే కంపెనీ ఒక వ్యాపారి, పదిహేనేళ్ల వయసు ట్రైనీ ఇంకో వ్యాపారి. ఇద్దరూ బేరమాడుకుని సంతకం పెట్టినట్టు లెక్క.

ఆ లెక్క ఎంత గట్టిదో 2024లో తేలింది. హైబ్‌లోని మరో బృందం మేనేజర్ తనను 'పట్టించుకోవద్దు' అని తన వాళ్లతో అనడం విన్నానని, అక్టోబరు 15న న్యూజీన్స్‌లోని హన్నీ జాతీయ అసెంబ్లీలో కూర్చుని ఏడుస్తూ చెప్పింది. నెల దాటాక, నవంబరులో, పనిచోట వేధింపుల ఫిర్యాదు మీద కార్మిక శాఖ జవాబు వచ్చింది: చట్టం ప్రకారం ఆమె ఉద్యోగి కాదు, కాబట్టి ఆ నిబంధన వర్తించదు. ఫైలు మూసేశారు.

ఇక మిగిలింది అగ్రిమెంటే. అదేమో 2029 జులై దాకా, సరిగ్గా ఏడేళ్లు. టీవీఎక్స్‌క్యూ వాళ్లకు చూపించడానికి 13 అనే అంకె ఉంది, వీళ్లకు అదీ లేదు. అందుకే 2024 నవంబరు 28 రాత్రి ప్రెస్‌మీట్‌లో ఐదుగురూ పట్టుకున్నది ఒకే మాట: కంపెనీయే అగ్రిమెంటు తప్పింది, కాబట్టి అది రద్దు. 2009లో ముగ్గురూ ముందు కోర్టును అడిగి తర్వాత కదిలారు. వీళ్లు కోర్టుతో పనిలేదంటూ ముందే బయటికొచ్చేశారు. లాయర్లు ఏం చెప్పారో గానీ, ఆ తొందర ఖరీదైంది. కోర్టుకు కంపెనీయే వెళ్లింది. 2025 మార్చిలో సొంత కార్యక్రమాలు ఆగిపోయాయి. మేలో ఒక్కో ఉల్లంఘనకు ఒక్కొక్కరికి 100 కోట్ల వాన్లు కట్టాలన్న ఆదేశం వచ్చింది. మిన్ హీజిన్‌ను తీసేసినంత మాత్రాన కంపెనీ అగ్రిమెంటు తప్పినట్టు కాదని, అది చెల్లుతుందని అక్టోబరు 30న తీర్పు వచ్చింది.

నవంబరు 12న హేరిన్, హైయిన్ వెనక్కి వచ్చారు, తర్వాత హన్నీ. మింజీతో మాటలు నడుస్తున్నాయని కంపెనీ చెప్పింది. డానియెల్ ఏ అగ్రిమెంటు ఇక చెల్లదని ఏడాది క్రితం మైకు ముందు చెప్పిందో, దాన్నే ఇప్పుడు అడోర్ రద్దు చేసి బిల్లు పంపింది.