ఈశాన్యం చెప్తారు, తలుపు వెడల్పు చెప్పరు: ఇళ్ళ వెబ్‌సైట్ల మీద అపోహలు - వాస్తవాలు

దివ్యాంగులు ఒక వెబ్‌సైట్‌ని సొంతంగా వాడుకోగలరా లేదా అని పరీక్షించడం నా పని. ఆఫీసులో దీన్ని యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "ఏదో కంప్యూటర్ ఉద్యోగం" అని తేల్చేస్తుంది. బ్యాంకుల సైట్లు చూశాను, ఆస్పత్రులవి చూశాను. ఫ్లాట్లు అమ్మేవాళ్ళ, అద్దెకిచ్చేవాళ్ళ సైట్లంత మొండివి ఇంకెక్కడా తగల్లేదు. మీటింగుల్లో వినపడే మాటలు కూడా ఎప్పుడూ అవే.

అపోహ: "మా కస్టమర్లలో చూపు లేనివాళ్ళు లేరండీ"

హైదరాబాద్‌లో ఒక బిల్డర్ ఆఫీసులో మార్కెటింగ్ మేనేజర్ ఈ మాట అన్నప్పుడు, ఎదురుకుర్చీలో మా టీమ్ టెస్టర్ ఉన్నారు. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. ఏమీ అనకుండా లాప్‌టాప్ తెరిచి, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, స్పీకర్ పెంచారు. వాళ్ళ టూ బీహెచ్‌కే పేజీ ఇలా పలికింది: "గ్రాఫిక్, టూ బీహెచ్‌కే ఫైనల్ ఫైనల్ టూ డాట్ జేపీజీ. లింక్. లింక్. బటన్. బటన్." ఇద్దరు ముగ్గురు నవ్వారు. మా టెస్టర్ ఆ నెలలో నిజంగానే ఇల్లు వెతుక్కుంటున్నారని వాళ్ళకి తెలియదు.

వాస్తవం: స్క్రీన్ రీడర్‌తో వచ్చినవాళ్ళని అనలిటిక్స్ (సైట్‌కి ఎవరెవరు వచ్చారో లెక్క చెప్పే టూల్) విడిగా చూపించదు. కాబట్టి "లేరు" అని చెప్పడానికి ఆధారమే లేదు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు నమోదయ్యారు. శుక్లాలు ముదిరినా ఆపరేషన్ వాయిదా వేస్తూ, కొడుకు పంపిన ఫ్లాట్ లింకుని ఫోన్‌లో పెద్దది చేసుకుని చూసే నాన్నగారు ఆ లెక్కలో ఉండకపోవచ్చు. ఆయనా మీ కస్టమరే.

అపోహ: "ప్లగిన్ పెట్టేశాం, పని అయిపోయింది"

ప్లగిన్ అంటే సైట్‌కి తగిలించే రెడీమేడ్ ప్రోగ్రామ్. పేజీ మూలన వీల్‌చైర్ బొమ్మ, నొక్కితే అక్షరాలు పెద్దవయ్యే మెనూ. డెమోలో భలే ఉంటుంది.

వాస్తవం: పేరు లేని బటన్‌కి సరైన పేరేంటో, ఫొటోలో ఏముందో ఈ ప్లగిన్‌కి మీకు తెలిసినంతగా తెలియదు. పైగా స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి చాలాసార్లు అదే అడ్డం. ఏ సైట్‌నైనా యాక్సెసిబిలిటీ ప్రమాణాలకి తగ్గట్టు మార్చేస్తుందని తన ప్లగిన్ గురించి తప్పుగా ప్రచారం చేసుకుందన్న కేసులో, యాక్సెసిబీ అనే కంపెనీ పది లక్షల డాలర్లు కట్టాలని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2025లో తేల్చింది. ప్లగిన్ అమ్మడానికి ఎవరైనా వస్తే ఈ సంగతి ఒకసారి అడిగి చూడండి.

ఆటోమేటిక్ టూల్‌లో నూటికి నూరు వచ్చిందని స్క్రీన్‌షాట్ పంపేవాళ్ళదీ ఇదే కథ. ఫొటోకి వివరణ ఉందా లేదా అన్నదే టూల్ చూస్తుంది. ఆ వివరణ "ఇమేజ్ 4" అయినా దానికి ఓకే.

అపోహ: "ఎంక్వైరీ ఫామ్ ఎవరైనా నింపగలరు కదా"

ముందు మౌస్ పక్కన పెట్టండి. ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్, ఈ మూడు కీలతోనే మీ సైట్‌లో బ్రోచర్ డౌన్‌లోడ్ చేసి చూడండి. చేతులు సరిగా కదలనివాళ్ళు, చూపు లేనివాళ్ళు వాడేది ఇలాగే.

వాస్తవం: పేజీ తెరిచిన పది సెకన్లకి "బెస్ట్ ప్రైస్ కోసం మీ నంబర్ ఇవ్వండి" అని పాపప్ వస్తుంది. కంటికి అది ముందు కనపడుతుంది గానీ, కీబోర్డు ఫోకస్, అంటే కీ నొక్కితే పని చేసే చోటు, మాత్రం వెనకున్న పేజీలోనే ఉండిపోతుంది. ట్యాబ్ కొట్టినకొద్దీ కనపడని లింకుల మీద తిరుగుతూ ఉంటారు. చివరికి పాపప్‌లోకి చేరినా, దాన్ని మూసే ఇంటూ గుర్తు బటన్ కాదు, ఉత్త బొమ్మ. ఎస్కేప్ పని చేయదు. ఒక సైట్‌లో నేను నలభై మూడు ట్యాబ్‌లు లెక్కపెట్టి వదిలేశాను. పోనీ ఫామ్ దొరికిందనుకుందాం. డబ్బాలకి లేబుల్స్ ఉండవు. "పేరు", "మొబైల్" అని లోపల లేతగా రాసి ఉంటుంది, టైప్ చేయగానే మాయమవుతుంది. తప్పు కొడితే గడి చుట్టూ ఎర్ర గీత, అంతే. ఏం తప్పో చెప్పదు. ఆ తర్వాత, మీరు మనిషేనా అని బొమ్మలో అక్షరాలు చదవమనే క్యాప్చా.

ఇదంతా బాగు చేయడం మంచి డెవలపర్‌కి రెండు రోజుల పని. మొదట్లోనే రాసుంటే ఆ రెండు రోజులు కూడా అక్కర్లేదు.

అపోహ: "బంగారు రంగు మా బ్రాండ్, మార్చలేం"

వాస్తవం: మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయంగా వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణం. లగ్జరీ ప్రాజెక్టులవాళ్ళు మోజుపడే మెటాలిక్ గోల్డ్‌ని తెల్లటి మీద కొలిస్తే 2.1:1 దగ్గర ఆగుతుంది. అదే బంగారం ముదురు నీలం మీద పెట్టండి, బ్రాండూ ఉంటుంది, అక్షరమూ కనపడుతుంది. అలాగే ఖాళీ ఫ్లాట్లు ఆకుపచ్చ, అమ్ముడైనవి ఎరుపు అని చూపించే చార్ట్‌లో ప్రతి గడిలో "ఖాళీ", "అమ్ముడైంది" అని ఒక మాట రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మీరనుకునేకంటే ఎక్కువే ఉన్నారు.

అపోహ: "తెలుగు బ్రోచర్ కూడా పెట్టాం"

వాస్తవం: పెట్టారు, సంతోషం. కానీ అది, ఏ కంప్యూటర్‌కైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టించే యూనికోడ్ పద్ధతి రాకముందు, ప్రింటింగ్ కోసం వాడిన డీటీపీ ఫాంట్‌లో కొట్టిన పీడీఎఫ్. అందులోంచి ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ, చుక్కలూ, బ్రాకెట్లూ పడితే, స్క్రీన్ రీడర్ చదివేది కూడా ఆ గందరగోళాన్నే. యూనికోడ్‌లో కొట్టి మామూలు వెబ్ పేజీగా పెట్టండి, ఆ పేజీ భాష తెలుగు అని కోడ్‌లో గుర్తు పెట్టండి. అప్పుడు ఎన్‌వీడీఏ తెలుగు గొంతుకి మారుతుంది. ఆ గొంతు కాస్త రోబో రకమే గానీ, అర్థమవుతుంది.

అపోహ: "ఫోన్ చేస్తే అన్నీ చెప్తాం"

వాస్తవం: వినికిడి లేనివాళ్ళు ఫోన్ ఎలా చేస్తారు? వాట్సాప్ నంబర్, ఈమెయిల్ ఇవ్వండి. వీడియో టూర్‌కి క్యాప్షన్లు పెట్టండి.

అపోహ: "చట్టం ప్రభుత్వ సైట్లకే"

వాస్తవం: కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 46వ సెక్షన్ సేవలందించేవాళ్ళు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అని స్పష్టంగా అంటుంది. వెబ్‌సైట్లకి, యాప్‌లకి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కెమెరా ముందు కళ్ళార్పలేక ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకోవడం) పూర్తి చేయలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు వేసిన పిటిషన్ మీద వచ్చిన తీర్పది.

అపోహ: "ఇదంతా డెవలపర్లు చూసుకుంటారు"

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే.

వాస్తవం: ఫ్లోర్ ప్లాన్ బొమ్మకి "ఫ్లోర్ ప్లాన్" అని వివరణ రాసి డెవలపర్ చేతులు దులుపుకుంటాడు. అతన్ని అని లాభం లేదు, అతనికి ఫ్లాట్ తెలియదు కదా. బొమ్మ కిందే మామూలు మాటల్లో రాయాలి: "తూర్పు గుమ్మం. లోపలికి రాగానే హాలు, ఎడమ పక్క వంటగది. హాలు దాటితే కుడివైపు పెద్ద బెడ్‌రూమ్, దానికి అటాచ్డ్ బాత్రూమ్, బాత్రూమ్‌కి ఒక అంగుళం గడప." చూపు లేనివాళ్ళకే కాదు, ప్లాన్ గీతలు అర్థంకాని నాలాంటివాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది.

తమాషా ఏంటంటే, మనవాళ్ళకి ఇల్లుని మాటల్లో చెప్పడం రాక కాదు. ఈశాన్యం ఎంత పెరిగిందో, వంటగది ఆగ్నేయంలో ఉందో లేదో ప్రతి ప్రకటనలో రాస్తారు. లిఫ్ట్ దగ్గరికి చేరడానికి ఎన్ని మెట్లెక్కాలో, ర్యాంప్ ఎక్కడుందో, తలుపులు ఎంత వెడల్పో ఎక్కడా ఉండదు.

ఆ బిల్డర్ దగ్గర పని మొదలుపెట్టినప్పుడు బాత్రూమ్ తలుపు వెడల్పు ఎంతని అడిగాం. సేల్స్‌వాళ్ళకి తెలియదు. డ్రాయింగ్‌లో రెండున్నర అడుగులని ఉంది. తీరా సైట్ ఇంజినీర్ టేపు పెట్టి కొలిచి వాట్సాప్‌లో ఫొటో పంపితే, ఫ్రేమూ తెరిచిన రెక్క మందమూ పోగా మిగిలింది 2 అడుగుల 3 అంగుళాలు. ఆ అంకె పేజీలో పెట్టొద్దని మార్కెటింగ్‌వాళ్ళు వారం రోజులు వాదించారు. చివరికి పెట్టారు. నెల తిరక్కముందే ఒకాయన మెయిల్ రాశారు: తన వీల్‌చైర్ వెడల్పు 26 అంగుళాలట, చక్రం తిప్పే చేతులకి చోటు చాలదు కాబట్టి ఈ ఫ్లాట్ వద్దన్నారు. కింద ఇంకో లైన్ ఉంది: "కడుతున్న రెండో బ్లాక్‌లో తలుపులు ఇంకా బిగించకపోతే, మూడడుగులవి పెడతారా?"

తలుపులు ఇంకా బిగించలేదు.