ఉప్పూ చక్కెరా కలిసి ఎక్కే పడవ

చిరంజీవులు హాసిని, వంశీలకు, వాళ్ళ పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య దీవెనలు.

వానలు మొదలయ్యాయి. మీ వీధిలో ఇంటికొకరికి వాంతులు, విరేచనాలు అంటున్నారు. వంశీకి కూడా పట్టుకుంటే అమ్మ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చించి నీళ్ళలో కలిపి ఇచ్చిందట. అది చూసి హాసిని ఫోనులో అడిగింది: "ఒంట్లోంచి పోయినవి నీళ్ళే కదా తాతయ్యా, నీళ్ళు తాగితే చాలదా? ఉప్పెందుకు? ఉప్పు వేశాక మళ్ళీ చక్కెరెందుకు, రుచి కోసమా?"

రుచి కోసం కాదు తల్లీ. ఆ చక్కెర లేకపోతే ఉప్పూ సరిగా వంటబట్టదు, నీళ్ళూ వంటబట్టవు. ఈ సంగతి పెద్దపెద్ద డాక్టర్లకే అరవై డెబ్బై ఏళ్ళ కిందటి దాకా సరిగా తెలియదు. ఫోనులో తెమిలే ముచ్చట కాదని ఉత్తరం రాస్తున్నాను.

గోదావరి మీద రేవు దాటించే పడవను చూశారు కదా. మన చిన్నపేగు లోపలి గోడలో అలాంటి రేవులు లెక్కలేనన్ని ఉన్నాయి. ఇవతలి గట్టు పేగు, అవతలి గట్టు నెత్తురు. ఆ పడవ నడిపే సరంగుకు ఒక పట్టుదల ఉంది. ఇద్దరు ఉప్పువాళ్ళూ ఒక చక్కెరవాడూ ఎక్కితేనే పడవ కదులుతుంది. ఉప్పు ఒక్కటే వచ్చి నిలబడితే కదలదు, చక్కెర ఒక్కటే వచ్చినా కదలదు. ఉప్పువాళ్ళంటే సోడియం, చక్కెరవాడంటే గ్లూకోజ్. వాళ్ళు అవతలి గట్టుకు చేరితే నీళ్ళు వాటంతట అవే వెనకాల వెళతాయి. ఉప్పూ చక్కెరా ఎటు పోతే నీరు అటు పోతుంది, అది దాని నైజం.

ఉప్పుకూ చక్కెరకూ ఉన్న ఈ జంట కట్టును రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో బొమ్మ గీసి చూపించాడు. ఆయన చూస్తున్నది చక్కెర పేగులోంచి ఎలా లోపలికి వెళుతుందన్న సంగతి. కలరా రోగుల ప్రాణాలు దీని మీద ఆధారపడి ఉన్నాయని మిగతావాళ్ళు గుర్తించడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

కలరాలో ఏమవుతుందో చూడండి. ఆ క్రిమి విషం పేగు గోడలో వేరే తూము తెరిచేస్తుంది. ఒంట్లోని ఉప్పూ నీళ్ళూ ఆ తూములోంచి పేగులోకి ధారగా పడతాయి. మామూలు రోజుల్లో మన పేగు తిన్నదీ తాగినదీ, తనలోకి ఊరినదీ కలిపి రోజుకు 8, 9 లీటర్ల నీటిని చూస్తుంది. అందులో దాదాపు అంతా తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. మలంతో బయటికి పోయేది ఒక గ్లాసుకు మించదు. తూము తెరుచుకుంటే ఈ లెక్కంతా తారుమారు. కానీ క్రిమి తూము తెరిచిందే తప్ప పడవను ముంచలేదు! కలరాలో కూడా రేవులో పడవ నడుస్తూనే ఉంటుంది. దానికి కావలసిన ప్రయాణికులను మనం సరైన లెక్కలో పంపితే చాలు.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ తాగితే విరేచనాలు వెంటనే ఆగవు. తూము ఇంకా తెరిచే ఉంది కదా. పోతున్నంత నీటినీ ఉప్పునూ వెనక్కి చేరుస్తూ, తూము తనంతట తాను మూసుకునేదాకా మనిషిని నిలబెట్టడమే దాని పని. "రెండు గ్లాసులు తాగించాం, ఏమీ తగ్గలేదు" అని మానేస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే.

మా చిన్నతనంలో ఇళ్ళల్లో ఇంకో అలవాటు ఉండేది. కడుపు జారిన పిల్లవాడికి తిండి మానిపించేవారు, నీళ్ళు కూడా నాలుక తడిసే పాటే. పోసిన కొద్దీ పోతుంది కదా అని వాళ్ళ వాదం. లంఖణం పరమౌషధం అనే మాట ఉండనే ఉంది. పెద్దలు చేసిందంతా ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. డాక్టర్లు కూడా పేగుకు విశ్రాంతి ఇవ్వాలనేవారు. పరిశోధన దీన్ని పూర్తిగా తిరగేసింది. పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకొకసారి కొత్తగా పుడుతుంది. దెబ్బతిన్న రేవులు బాగుపడాలంటే తిండి లేకుండా దేనితో కడతారు? అందుకే ఇప్పుడు చంటిపిల్లలకు తల్లిపాలు ఆపవద్దంటారు, మిగతావాళ్ళకు మెత్తటి అన్నం, పెరుగన్నం, పప్పు కట్టు, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టమంటారు. పెద్దల మాట అయినా డాక్టరు మాట అయినా పరీక్షకు నిలిస్తేనే ఉంచుకోవాలి పిల్లలూ. ఈనాటి మాటకూ అదే నియమం.

పరీక్ష అన్నాను కదా, అది ఎలా జరిగిందో కూడా చెబుతాను. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి కలరా రోగులకు చికిత్స చేసి, 1953లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ వైద్యులు రోగికి ఎంత పోతోందో కొలిచి, అంతకు తగ్గట్టు తాగించి, సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని లెక్కలతో చూపించారు. అయినా అది ఆసుపత్రిలో, నర్సుల కళ్ళముందు జరిగిన పని. ఊళ్ళో, బురదలో పనిచేస్తుందా అన్న సందేహం మిగిలింది.

ఆ సందేహం 1971లో తీరింది. బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దుకు ఇవతల బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. ఆసుపత్రి నేలంతా రోగులు, సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల వంట ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించారు. పీపాల్లో నీళ్ళు పోసి అందులో కలిపించారు. రోగి పక్కనున్న అమ్మ, అన్న, ఎవరుంటే వాళ్ళే ముంచి తాగించారు. శిబిరంలో నూటికి 30 మంది దాకా పోతున్నవాళ్ళు, ఆయన పర్యవేక్షించిన చోట 3.6కు తగ్గారు. చేతిలో సూది లేని అమ్మ, ప్రాణం నిలబెట్టింది! ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు.

తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, ప్యాకెట్ లేకపోయినా మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్ళు అని తల్లులకు చేత్తో చేయించి నేర్పారు. 1980లలో కోటికి పైగా ఇళ్ళు అలా తిరిగారు. నేర్పినవాళ్ళకు జీతం ఎలా కట్టేవారో తెలుసా? తర్వాత వెళ్ళి అడిగితే ఆ తల్లికి ఎంత గుర్తుందో దాన్ని బట్టి. చదువు చెప్పే పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది ఇది.

మళ్ళీ మన పడవ దగ్గరికి వద్దాం. చక్కెర మంచిదే కదా అని ఎక్కువ వేస్తే? పడవల్లో చోటు అంతే. మిగిలిన చక్కెరవాళ్ళు ఇవతలి గట్టునే గుంపుగా ఉండిపోతారు. నీటి నైజం చెప్పాను కదా, అది వాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. అంటే ఒంట్లోని నీరు ఎదురు పేగులోకి దిగి విరేచనాలు పెరుగుతాయి. అమ్మమ్మ మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తుంది. చుక్క నీరు పోయకపోయినా మూడోరోజుకు ఊట నిండుతుంది. ముక్కలోని నీటిని బయటి ఉప్పు లాగింది. చక్కెర కూడా అదే పని చేస్తుంది. కూల్‌డ్రింకులు, డబ్బాల పళ్ళరసాలు విరేచనాలప్పుడు పనికిరావనేది ఇందుకే.

ఉప్పు ఎక్కువైతే ఇంకా ప్రమాదం. నెత్తురులో ఉప్పు పెరిగితే మెదడు కణాల్లోంచి నీరు బయటికి వస్తుంది, చంటిపిల్లలకు మూర్ఛలు రావచ్చు.

అందుకే ఈ మందులో మందు కంటే కొలతే ముఖ్యం. ఆ కొలతను కూడా పరిశోధకులు ఒకసారి సరిదిద్దారు. పాత ప్యాకెట్‌లో లీటరుకు ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజ్ 20 గ్రాములు. కలరాకు సరిపోయేదే. కానీ మామూలు విరేచనాల్లో అంత ఉప్పు పోదు. కొంచెం పలచన చేసి పిల్లల మీద పోల్చి చూస్తే వాంతులు తగ్గాయి, విరేచనం తగ్గింది, సెలైన్ ఎక్కించవలసిన అవసరం మూడో వంతు దాకా తగ్గింది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత ఇదీ: ఉప్పు 2.6, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు, లీటరు నీటికి. 2004 నుంచి జింక్ మాత్ర కూడా చేరింది. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకు 10, విరేచనాలు ఆగినా 10 నుంచి 14 రోజుల వరకు ఆపకుండా. మన దగ్గర ఆశా కార్యకర్తలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లూ జింక్ మాత్రలూ రెండూ ఇస్తారు.

కలిపేటప్పుడు జరిగే తప్పులు చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. లీటరు ప్యాకెట్‌ను విప్పి గ్లాసుకు కొంచెం చొప్పున వేయకూడదు. నాలుగు రకాల పొడులు అందులో సమంగా కలిసి ఉంటాయన్న నమ్మకం లేదు, ఒక గ్లాసులో ఉప్పు ఎక్కువ పడుతుంది. మొత్తం పొడి, మొత్తం లీటరు నీళ్ళు, ఒకేసారి. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి, వాటి మీద రాసింది చూడాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, కలిపాక మళ్ళీ కాచకూడదు. పాలలో, రసంలో వద్దు, ఇంకో చెంచా చక్కెరా వద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీటికి అంచుకు చదును చేసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. గోపురంగా తీసిన చెంచా లెక్కలోకి రాదు. కలిపాక రుచి చూస్తే కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. అన్నంలోని పిండిపదార్థం పేగులో మెల్లమెల్లగా గ్లూకోజుగా మారుతుంది, చక్కెరవాళ్ళు ఒక్కసారిగా గుంపు కట్టరు.

రెండేళ్ళలోపు వాళ్ళకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైవాళ్ళకు 100 నుంచి 200. గడగడా తాగిస్తే కక్కేస్తారు. కక్కితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మొదలుపెట్టాలి. విసుగు పుట్టే పని. అయినా చేయాలి.

కళ్ళు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, చంటిబిడ్డకు మాడు గుంటపడినా, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, తాగలేక మత్తుగా పడుకున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. దారిలో కూడా చెంచాతో పోస్తూనే ఉండాలి.

మందుల షాపులో ఒక జాగ్రత్త. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని, చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువున్న తియ్యటి పానీయాలు చాలా ఏళ్ళు డబ్బాల్లో అమ్మారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. 100 మిల్లీలీటర్లలో గ్లూకోజ్ 1.35 గ్రాములే ఉండాలి, ఈ ఒక్క అంకె చాలు మీకు.

విరేచనాలు రాకుండా చూసే దారిలోనూ మనవాళ్ళ చెయ్యి ఉంది. చంటిపిల్లలకు రోటావైరస్ టీకా చుక్కలు 2016లో దేశంలో మొదట ఇవ్వడం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చుక్కలు హైదరాబాద్‌లో తయారయ్యాయి.

ఈ పడవకు ఒక దాయాది ఉంది, అది మూత్రపిండాల్లో ఉంటుంది. మూత్రంలోకి జారిన చక్కెరను తిరిగి నెత్తురులోకి దాటిస్తుంది. అమ్మమ్మ షుగర్ మాత్రల్లో పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉన్నది ఆ పడవను ఆపే మందే. అది వేసుకునే పెద్దవాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, ఆ నాలుగు రోజులు మాత్ర ఆపాలా అని డాక్టరును తప్పకుండా అడగాలి.

సరంగు ఇద్దరు ఉప్పువాళ్ళనే ఎందుకు అడుగుతాడు, ఒక్కడితో ఎందుకు సరిపెట్టుకోడు అని వంశీ అడుగుతాడని నాకు తెలుసు. ఇద్దరు లాగితేనే, అవతలి గట్టున చక్కెర ఎంత కిక్కిరిసి ఉన్నా, ఇవతల మిగిలిన చివరి ఒక్కడినీ దాటించగలరు. ఇంతకంటే చెప్పాలంటే నా పడవ పోలిక చాలదు. నిన్న పుట్టిన పసిబిడ్డ పేగులోనూ, తొంభై ఏళ్ళ ముత్తవ్వ పేగులోనూ అదే ఇద్దరు, అదే ఒక్కడు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక లేవండి. వంటింట్లో రోజూ నీళ్ళు తాగే గ్లాసు తీసుకుని, లీటరు సీసాతో కొలిచి అది ఎన్ని గ్లాసులవుతుందో చూడండి. మందుల డబ్బాలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంటే వెనక రాసిన నాలుగు అంకెలు కూడండి, లీటరుకు 20.5 దగ్గరికి వస్తుందో లేదో. గడువు తేదీ కూడా చూడండి. ప్యాకెట్ లేకపోతే రెండు తెప్పించమని నాన్నకు చెప్పండి. మీ గ్లాసు లెక్క ఎంతొచ్చిందో నాకు రాయండి.

మీ
తాతయ్య