టీ తాగితే ఒంట్లోకి సత్తువ వస్తుందా?

కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్లలో క్యూరింగ్, అంటే ఆ గదుల్లో ఆకును వేడితో ఆరబెట్టడం, మొదలైతే రాత్రంతా పొయ్యి దగ్గర ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. వేడి తేడా వస్తే ఆకు రంగు చెడుతుంది, వేలంలో రేటు పడిపోతుంది. ఆ రాత్రుళ్లు గడిచేది ఫ్లాస్కులో టీతోనే. "ఒక గ్లాసు పడితే సత్తువ వస్తుంది" అంటారు. అలసట తగ్గినట్టు అనిపించడం నిజమే. కాకపోతే ఆ మార్పు కట్టెలు మోసే కండలో కంటే మెదడులోనే ఎక్కువ.

కణాలు శక్తిని ఖర్చుపెట్టేకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది నాడీకణాల మీద తనకోసం ఉన్న గ్రాహకాల్లో చేరితే వాటి జోరు తగ్గి నిద్ర ముంచుకొస్తుంది. టీలో ఉండే కెఫీన్ అణువు చూడ్డానికి దానిలాగే ఉంటుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు ఆ చోటు ఆపేస్తుంది, నిద్ర కబురు మాత్రం అందనివ్వదు. అడినోసిన్ ఎక్కడికీ పోదు, పెరుగుతూనే ఉంటుంది. కెఫీన్ తప్పుకోగానే అదంతా వచ్చి కూర్చుంటుంది. రాత్రంతా టీ మీద నెట్టుకొచ్చి వేకువన బైకు తీయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇద్దరు మనుషులు వంతులేసుకుని పడుకోవడానికి సాటివచ్చే టీ లేదు.

ఇక కండ సంగతి. కండరం ముడుచుకోవాలంటే దాని కణాల లోపలి సంచుల్లో ఉన్న కాల్షియం బయటికి రావాలి. ప్రయోగశాలలో కప్ప కండరాన్ని చిక్కటి కెఫీన్ ద్రావణంలో ఉంచితే, నాడి నుంచి ఏ సంకేతమూ రాకపోయినా ఆ కాల్షియం విడుదలై కండరం బిగుసుకుంటుంది. టీ కూడా కండను ఇలాగే నడిపిస్తుందేమో అనిపిస్తుంది. కానీ ఆ ద్రావణం గాఢత టీ తాగిన మనిషి రక్తంలో ఉండే కెఫీన్‌కి వందల రెట్లు. రక్తంలో అంత చేరేలోపే ప్రాణం పోతుంది.

మరి ఆటగాళ్లకు కెఫీన్ పనిచేస్తుంది కదా? పనిచేస్తుంది. శరీర బరువులో కిలోకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు తీసుకుంటే ఓర్పు కొంత పెరుగుతుంది. 2004లో దాన్ని నిషేధిత జాబితా నుంచి తీసేశారు కూడా. అక్కడా ప్రధానంగా జరిగేది నొప్పి, శ్రమ తక్కువగా తెలియడమే. మోతాదు మించితే చేతులు వణుకుతాయి, గుండె దడ, ఊరికే టెన్షన్.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. పొగతాగేవాళ్లలో కాలేయం దాన్ని ఇంకా త్వరగా వదిలించుకుంటుంది. దానికి కారణం నికోటిన్ కాదు, పొగలోని వేరే పదార్థాలు. గర్భిణుల్లో ఇది తిరగబడుతుంది. చివరి నెలల్లో ఆ సగం పోవడానికే 15 గంటల దాకా పట్టవచ్చు, పైగా కెఫీన్ మాయను దాటి బిడ్డకూ చేరుతుంది. అందుకే ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదన్న ఐరోపా ఆహార భద్రతా సంస్థ, గర్భిణులకు 200 దాటవద్దంది. ఆకు పనికి వచ్చే ఆడవాళ్లకు పూటపూటా టీ పోసేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి.